లాకు లుసాన్‌లో, చేను అమలాపురంలో

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మా అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ స్వర్ణం గెలిచిన రోజు డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "లోకల్ యాంగిల్ కావాలి, ఆరింటికల్లా పంపెయ్." అమలాపురంలో లోకల్ యాంగిల్ అంటే ఏమిటో మాకు కొత్త కాదు. స్వీట్లు, బాణసంచా, ఫ్లెక్సీ ముందు నిలబడిన పిల్లలు, 'మావాడు' అనే మాట. పంపేశాం. మూడు రోజులు తిరక్కుండా ఆ జోడీ ప్రపంచ నంబర్‌వన్ అయింది. మళ్ళీ స్వీట్లు, మళ్ళీ ఫోటో.

తర్వాతెప్పుడో తీరిగ్గా ఆ వారం పేజీలు తిరగేశాను. నంబర్‌వన్ అని తేల్చేది ఎవరు? ఆ పాయింట్ల లెక్క మార్చే అధికారం ఎవరిది? వీటి గురించి ఒక్క ముక్క లేదు. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య కార్యాలయం కౌలాలంపూర్‌లో ఉంటుంది. అప్పటి అధ్యక్షుడు డెన్మార్క్‌కు చెందిన పాల్ ఎరిక్ హోయర్. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచినవాడు. మా పేజీలో ఆయన పేరు లేదు. లేకపోవడానికి కారణం కూడా చెప్పాలి కదా, అప్పటికి నాకే తెలియదు.

తెలియకపోతే వచ్చే నష్టమేంటి అంటారా? సర్వీసు సంగతే చూడండి. పాత రూలు ప్రకారం షటిల్‌ను నడుము కింద నుంచి కొట్టాలి. పొడవాటి ఆటగాడికి నడుము ఎత్తులో ఉంటుంది కాబట్టి అతనికి కాస్త వెసులుబాటు. 2018 ఆల్ ఇంగ్లండ్ టోర్నీ నుంచి ఆ పద్ధతి పోయింది. మనిషి ఎంత పొడవైనా షటిల్ నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలన్నారు. అంటే సుమారు మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఆరడుగుల వాళ్ళంతా మోకాళ్ళు వంచి సర్వీసు చేయడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. అమలాపురం కుర్రాడూ అందులో ఒకడు. 2023లో స్పిన్ సర్వీసును, అంటే షటిల్‌ను వేళ్ళతో తిప్పి వదిలి కొట్టడాన్ని, నిషేధించారు. గేముకు 21 పాయింట్లు తీసేసి 11 పాయింట్లతో అయిదు గేములు పెట్టాలని 2018లో ఒకసారి, 2021లో మరోసారి ప్రతిపాదిస్తే, మూడింట రెండొంతుల ఓట్లు రాక రెండుసార్లూ వీగిపోయింది. ఓట్లు వేసింది సభ్యదేశాల సంఘాలు. మన ఓటు ఎటు పడిందని నేనైతే ఎవరినీ అడగలేదు.

డెల్టాలో పుట్టినవాడికి ఇది విప్పి చెప్పాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళుంటాయి. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె, తూము దాటుకుని శివారు చేనికి చేరేసరికి ఎన్ని చేతులు మారాలో! దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతులవారీ పెట్టినప్పుడు శివారు రైతు కాలువ నీళ్ళు వదిలే లస్కరుతో మంచిగా ఉండాలి, నీటి సంఘం వాళ్ళతో మంచిగా ఉండాలి. లేదంటే మడి నెర్రెలు తీస్తుంది. ఆటల సమాచారం నడక కూడా ఇదే. పైన స్విట్జర్లాండ్‌లోని లుసాన్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, ఒక్కో ఆటకు ఒక్కో ప్రపంచ సమాఖ్య. ఢిల్లీలో భారత ఒలింపిక్ సంఘం, జాతీయ సమాఖ్యలు. ఆ కింద రాష్ట్ర సంఘం, జిల్లా సంఘం. ప్రతి లాకు దగ్గరా ఎవరో ఒకరు తలుపు పట్టుకుని నిలబడి ఉంటారు. విలేకరి వాళ్ళతో మంచిగా ఉండకపోతే వార్త రాదు. అయితే రైతు లస్కరు మీద వార్త రాయక్కర్లేదు. విలేకరి రాయాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇద్దరూ ఒకరే అయిన రోజులు

ఈ చిక్కు కొత్తది కాదు, పుట్టుకతోనే ఉంది. ఇంకా చెప్పాలంటే, మొదట్లో విలేకరి, నాయకుడు ఇద్దరూ ఒకే మనిషి. 1903లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదలుపెట్టింది ఒక పత్రిక. అమ్మకాలు పెంచుకోవడానికి 'లోటో' పత్రిక వేసిన ఎత్తు అది. 1904లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఏర్పడితే తొలి అధ్యక్షుడు రాబర్ట్ గెరాన్ అనే ఫ్రెంచి పాత్రికేయుడు.

ప్రపంచ క్రీడా పాత్రికేయుల సంఘం ఏఐపీఎస్ 1924 జులై 2న పారిస్‌లో పుట్టింది. ఏటా జులై 2న ప్రపంచ క్రీడా పాత్రికేయుల దినం జరుపుకునేది అందుకే. దానికి మొదటి అధ్యక్షుడు ఫ్రాంట్జ్ రైషెల్. 1900 ఒలింపిక్స్‌లో రగ్బీ స్వర్ణం గెలిచిన జట్టులో ఆడాడు, తర్వాత ఫిగారో పత్రికలో ఆటల వార్తలు రాశాడు. అదే మనిషి 1924 పారిస్ ఒలింపిక్స్ నిర్వహణలోనూ ముఖ్యుడు. పొద్దున కమిటీలో కూర్చుని, సాయంత్రం ఆ కమిటీ ఏర్పాట్లు భేషుగ్గా ఉన్నాయో లేదో రాయడం లాంటిదన్నమాట. అతనితో పాటు సంఘాన్ని నిలబెట్టిన బెల్జియం పాత్రికేయుడు విక్టర్ బువాన్ ఇంకా చిత్రమైనవాడు. 1920 యాంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ళ ప్రమాణం మొట్టమొదట చేసింది ఆయనే. తర్వాత ఏఐపీఎస్‌కు అధ్యక్షుడయ్యాడు, బెల్జియం ఒలింపిక్ కమిటీకీ అధ్యక్షుడయ్యాడు.

వాళ్ళని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆటలు అప్పుడే నిలదొక్కుకుంటున్నాయి, చేసేవాళ్ళే రాసేవాళ్ళు. కానీ ఆ వాసన ఇప్పటికీ పోలేదు. మన జిల్లా సంఘాల లెటర్‌హెడ్ల మీద ఎడమపక్క వరసగా ఉండే పేర్లలో 'గౌరవ సలహాదారు' అని ఎవరుంటారో చూడండి. ఏ పత్రిక మనిషో అయి ఉంటాడు. నా పేరు కూడా ఒక లెటర్‌హెడ్ మీద రెండేళ్ళున్నది. అది తప్పని అప్పట్లో తోచనే లేదు, పైగా ఇంట్లో అందరికీ చూపించుకున్నాను.

ఏఐపీఎస్ ఇప్పుడు లుసాన్ కేంద్రంగా నడుస్తోంది. 2005లో ఇటలీ పాత్రికేయుడు జాన్నీ మెర్లో దానికి అధ్యక్షుడయ్యాడు. మన దేశం నుంచి భారత క్రీడా పాత్రికేయుల సమాఖ్య అందులో సభ్యురాలు. స్టేడియంలో విలేకర్లకు బల్లలు, కరెంటు, ఇంటర్నెట్, మాట్లాడటానికి చోటు వంటి వాటి గురించి సమాఖ్యలతో బేరమాడటం, కుర్ర విలేకర్లకు శిక్షణ ఇవ్వడం దీని పనులు. ఇవన్నీ నాయకులతో సఖ్యత ఉంటేనే జరుగుతాయి. అందుకే ఇలాంటి సంఘాల మహాసభల్లో క్రీడానాయకులు ముఖ్య అతిథులుగా కనిపిస్తారు. కలవడం తప్పు కాదు. ఎవరి ఆతిథ్యంలో కలిశారు, తిరిగొచ్చాక ఏం రాశారు అన్నదే చూడాలి.

కార్డు ఎవరి చేతిలో ఉంది

ఒలింపిక్స్‌కు వెళ్ళాలంటే విలేకరికి అక్రెడిటేషన్ కార్డు కావాలి. రాసేవాళ్ళకు 'ఈ' కార్డు, ఫోటోగ్రాఫర్లకు 'ఈపీ'. ఒక్కో దేశానికి ఇన్ని అని అంతర్జాతీయ కమిటీ లెక్క కడుతుంది. ఆ దేశంలో వాటిని ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆ దేశ ఒలింపిక్ సంఘం. అంటే ఏ సంఘం లెక్కలు, ఎన్నికలు, జట్టు ఎంపికల గురించి విలేకరి గట్టిగా రాయాలో, ఆ సంఘమే అతనికి కార్డు ఇవ్వాలి. ఎవరూ బెదిరించక్కర్లేదు. నాలుగేళ్ళకోసారి వచ్చే కార్డు గుర్తుకొస్తే చాలు, కలం దానంతటదే మెత్తబడుతుంది.

కార్డు దొరికి వెళ్ళినా నాయకుడు దొరకడు. ఆటగాడైతే మిక్స్‌డ్ జోన్‌లోకి వస్తాడు. మైదానం నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఒక వంకరటింకర కంచె ఉంటుంది, ఆ కంచె అవతల విలేకర్లు నిలబడతారు. ముందు ప్రసార హక్కులు కొన్న టీవీల వాళ్ళు, తర్వాత వార్తా ఏజెన్సీలు, ఆఖర్న పత్రికలు. శివారులో నిలబడిన భాషా పత్రికల దాకా వచ్చేసరికి ఆటగాడి చెమట ఆరిపోయి, చెప్పిందే నాలుగోసారి చెబుతుంటాడు. నాయకులకు ఈ దారి లేదు. వాళ్ళు హోటల్ లాబీలో, సమావేశం విరామంలో కాఫీ దగ్గర, నడవాలో దొరుకుతారు. అక్కడ ఉన్నవాడికే దొరుకుతారు.

1998 డిసెంబరులో లుసాన్‌లో జరిగింది అదే. 2002 శీతాకాల ఒలింపిక్స్ పొందిన సాల్ట్ లేక్ సిటీ నిర్వాహకులు ఒక ఒలింపిక్ కమిటీ సభ్యుడి బంధువు చదువుకు డబ్బు కట్టారని ఆ ఊరి టీవీ చానల్ ఒకటి నవంబరులో బయటపెట్టింది. అది చిన్న వార్తగానే మిగిలిపోయేదేమో. కానీ స్విట్జర్లాండ్‌కు చెందిన 80 ఏళ్ళ మార్క్ హోడ్లర్, 1963 నుంచి ఒలింపిక్ కమిటీ సభ్యుడు, సమావేశం బయట నిలబడిన విలేకర్లతో, ఆటలు ఏ నగరానికివ్వాలో తేల్చే ఓట్లు అమ్ముడవుతున్నాయని చెప్పేశాడు. నాయకత్వం నోరు మూయించాలని చూసినా ఆగలేదు. ఆరుగురు సభ్యుల్ని బహిష్కరించారు, నలుగురు రాజీనామా చేశారు. 1999 డిసెంబరులో రూల్సు మార్చారు. పోటీ పడే నగరాలకు సభ్యులు సొంతంగా వెళ్ళడం బంద్, కొత్త సభ్యుల వయసు పరిమితి 80 నుంచి 70కి. ఇంకొకటి మాలాంటి వాళ్ళకు ముఖ్యమైనది: సర్వసభ్య సమావేశాన్ని పత్రికలవాళ్ళు క్లోజ్డ్ సర్క్యూట్ టీవీలో చూసే వీలు అప్పుడే వచ్చింది.

హోడ్లర్‌ను ఎవరూ పరిశోధించి పట్టుకోలేదు. ఆయన మాట్లాడాలనుకున్న నిమిషంలో ముఖపరిచయం ఉన్న విలేకర్లు అక్కడ ఉన్నారు. సంబంధాలు పెంచుకోవడం వల్ల వచ్చే అసలు లాభం నా దృష్టిలో ఇది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచినవాడు బ్రిటన్ పాత్రికేయుడు ఆండ్రూ జెన్నింగ్స్. ఒలింపిక్ కమిటీ మీద రాసినందుకు 1994లో లుసాన్ కోర్టు ఆయనకు అయిదు రోజుల జైలుశిక్ష వేసి, అమలు మాత్రం నిలిపేసింది. 2002లో జ్యూరిక్‌లో ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్ విలేకర్ల సమావేశంలో మైకు పట్టుకుని "మీరెప్పుడైనా లంచం తీసుకున్నారా?" అని అడిగేశాడు. బ్లాటర్ కాదన్నాడు, తక్కిన విలేకర్లు ఇతనెక్కడ దాపురించాడన్నట్టు చూశారు. జెన్నింగ్స్‌కు కావలసింది బ్లాటర్ జవాబు కాదు. ఫిఫా ఆఫీసులో పనిచేసే మామూలు ఉద్యోగులకు తాను ఎవరి మనిషీ కానని తెలియాలి. తెలిసింది. కొన్ని వారాల్లో లోపల నుంచి కాగితాలు రావడం మొదలైంది. ఫిఫా ఆయన్ని తన సమావేశాలకు రానివ్వలేదు. ఆయన దగ్గరి కాగితాలు కొన్ని తర్వాత అమెరికా దర్యాప్తు అధికారులకు చేరాయి. 2015 మే 27న జ్యూరిక్ హోటల్లో ఫిఫా పెద్దల అరెస్టులు జరిగాయి.

హోడ్లర్ ఉదంతం దగ్గరగా ఉండమంటుంది, జెన్నింగ్స్ ఉదంతం దూరంగా ఉండమంటుంది. నాకు రెండూ ఒకే మాట చెబుతున్నట్టు అనిపిస్తుంది. సంబంధం సంస్థతో ఉండాలి గాని అధ్యక్షుడి కుర్చీతో కాదు. జర్మనీ టీవీ విలేకరి హాయో జెపెల్ట్ 2014 డిసెంబరులో రష్యా డోపింగ్ వ్యవహారం బయటపెట్టాడు. దానికి ఆధారం విటాలీ స్టెపనోవ్ అనే రష్యా డోపింగ్ నిరోధక సంస్థ మాజీ ఉద్యోగి, 800 మీటర్లు పరిగెత్తే ఆయన భార్య యులియా. వాళ్ళు ఏళ్ళ తరబడి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థకే మొరపెట్టుకున్నారు. ఆ సంస్థకు అప్పట్లో స్వయంగా దర్యాప్తు చేసే అధికారం లేదు. చివరికి అందులోని ఒక అధికారే వాళ్ళకు జెపెల్ట్ దారి చూపించాడు. ఆ అధికారి అధ్యక్షుడు కాదు, పెద్ద పేరున్నవాడూ కాదు.

ఆ జెపెల్టే 2020 జనవరిలో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య మీద మరో కథనం చేశాడు. ఇది మనకు చాలా దగ్గరి విషయం. హంగరీకి చెందిన తమాష్ అయాన్ 1976 నుంచి దానికి ప్రధాన కార్యదర్శి, 2000 నుంచి అధ్యక్షుడు. మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం ఎత్తిన ఏడాదే ఆయన ఆ కుర్చీ ఎక్కాడు. మల్లీశ్వరి ఫోటో మన పత్రికల మొదటి పేజీల్లో వేశాం, నెలల తరబడి రాశాం. ఆ ఆట పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మన పేజీల్లోకి రానే లేదు. కథనం తర్వాత ఏప్రిల్లో అయాన్ తప్పుకున్నాడు. జూన్‌లో కెనడా న్యాయనిపుణుడు రిచర్డ్ మెక్‌లారెన్ ఇచ్చిన నివేదిక కోటి నాలుగు లక్షల డాలర్లకు లెక్క లేదని తేల్చింది. 2021 చివర్లో లాస్ ఏంజెలెస్ 2028 ఆటల తొలి జాబితాలో వెయిట్‌లిఫ్టింగ్ లేకుండా పోయింది. ఊరి వ్యాయామశాలల్లో బరువులెత్తే పిల్లలకు రెండేళ్ళపాటు ఒలింపిక్స్ ఉంటుందో ఉండదో తెలియని టెన్షన్. 2023 అక్టోబరులో ముంబై సమావేశంలో తిరిగి చేర్చారు. అదే సమావేశంలో క్రికెట్‌నూ చేర్చారు కాబట్టి మన పేజీలన్నీ క్రికెట్‌తో నిండిపోయాయి.

అవసరం ఎవరికి ఎవరితో

ఒకప్పుడు నాయకుడికి పత్రిక కావాలి. ఇప్పుడు అంత అక్కర్లేదు. 2016లో ఒలింపిక్ చానల్, 2022లో ఫిఫా సొంత స్ట్రీమింగ్ వచ్చాయి. బ్యాడ్మింటన్ సమాఖ్య మ్యాచులు యూట్యూబ్‌లో అదే పెట్టుకుంటుంది. అధ్యక్షుడు చెప్పదలచుకున్నది సొంత కెమెరా ముందు చెబుతాడు, ఇబ్బంది ప్రశ్నలుండవు. 2025లో ఒలింపిక్ కమిటీ అధ్యక్ష ఎన్నికకు పోటీ పడినవాళ్ళు జనవరిలో లుసాన్‌లో సభ్యుల ముందు ప్రసంగించారు, తలుపులు మూసి. మార్చి 20న గ్రీస్‌లో 97 ఓట్లలో 49తో తొలి రౌండులోనే గెలిచిన క్రిస్టీ కవెంట్రీ ఆ పదవికి వచ్చిన తొలి మహిళ, తొలి ఆఫ్రికన్. అహ్మదాబాద్‌కు 2036 ఒలింపిక్స్ కావాలని మన దేశం ఆమె దగ్గరికే వెళ్ళాలి. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమయ్యాయి, 2026 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు ఢిల్లీకి దక్కాయి. అంటే ఇన్నాళ్ళూ మనం విమానమెక్కి వెళ్ళి వెతకాల్సిన మనుషులు ఇక మన దేశానికే వస్తారు. వచ్చినప్పుడు సెల్ఫీ అడుగుతామా, ప్రశ్న అడుగుతామా?

ప్రశ్నకు ముందు చదువు కావాలి. నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇది: ప్రపంచ సమాఖ్యల నిబంధనావళి, సర్వసభ్య సమావేశం పత్రాలు, ఏటా ఆడిట్ లెక్కలు చాలావరకు వాళ్ళ వెబ్‌సైట్లలోనే ఉంటాయి. భీమవరంలో గదిలో కూర్చుని కూడా చదవచ్చు. జిల్లా సంఘం బైలాస్ కాపీ సంపాదించడమే దానికన్నా కష్టం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రభుత్వ నిధులు తీసుకునే సమాఖ్యలను సమాచార హక్కు పరిధిలోకి తెచ్చింది. పై నుంచి వాళ్ళ కాగితాలు, కింద నుంచి సమాచార హక్కు దరఖాస్తు. రెండూ ఎదురెదురు పెట్టి చూడగలిగినవాడికి లాకుల దగ్గర నిలబడే అవసరం సగం తగ్గుతుంది.

ఇదంతా నాకు నేర్పింది ఒక చిన్న ఉదంతం. రాజోలు వైపు ఒక ఊరి అమ్మాయి, జూనియర్ స్థాయిలో జాతీయ పతకం ఉంది. విదేశంలో పోటీకి ఎంపికైందని మేమే ఫోటో వేశాం. చివరికి ఎంట్రీ వెళ్ళలేదు. పాస్‌పోర్టు కోసం తిరిగిన ఖర్చు వాళ్ళ నాన్న నాకు బస్సు టికెట్లతో సహా లెక్క చెప్పాడు. సంఘం పెద్దమనిషిని అడిగితే, "ఇంటర్నేషనల్ వాళ్ళు వయసు రూలు మార్చేశారండి, మా చేతుల్లో ఏముంటదండి?" అన్నాడు. మరుక్షణం టీ తెప్పించాడు.

ఆ రాత్రి ఆ ప్రపంచ సమాఖ్య మీడియా విభాగానికి మెయిలు రాశాను. మొదటి ప్రతి పేజీన్నర. రెస్పెక్టెడ్ సర్ అని మొదలై, అమ్మాయి పేదరికం, మా ప్రాంతం విశిష్టత, గోదావరి తల్లి, అన్నీ ఉన్నాయి. పంపకుండా ఆపేశాను. వాళ్ళ వెబ్‌సైట్లో నిబంధనలు తెరిచి వయసు రూలు ఎన్నో క్లాజులో ఉందో చూసి, మళ్ళీ రాస్తే అయిదు లైన్లే అయింది. నేను ఎవర్ని, ఏ పత్రిక. ఫలానా క్లాజు ఈ ఏడాది మారిందా? ఎంట్రీలకు ఆఖరి తేదీ ఏది? భారత్ నుంచి ఈ విభాగంలో ఎంట్రీ వచ్చిందా? శుక్రవారం లోపు జవాబిస్తే మీ మాట కూడా వేస్తాను.

రెండో రోజే జవాబు వచ్చింది. రూలు మారలేదు. ఆఖరి తేదీ ఇది. ఈ విభాగంలో భారత్ నుంచి ఎంట్రీ అందలేదు, ఎంట్రీ పంపవలసింది జాతీయ సమాఖ్య. కింద ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు. ఆ పేరుతో నాకిప్పటికీ ఉత్తరప్రత్యుత్తరాలున్నాయి. ముఖం మాత్రం చూడలేదు.

వార్త సింగిల్ కాలమ్‌లో వచ్చింది. పొద్దున్నే పెద్దమనిషి ఫోన్. "ఏంటండీ మీరు మరీనూ! మాకొక మాట చెప్తే పోయేదానికి ఏకంగా ఫారిన్‌కి మెయిలు పెట్టేత్తారా?" తర్వాత రెండు టోర్నమెంట్ల ప్రెస్‌మీట్‌లకు నాకు పిలుపు రాలేదు. ప్రెస్‌నోట్ మాత్రం ఫోటోగ్రాఫర్ వాట్సాప్‌లో వచ్చేది. పోటీలు మొదలవకముందే 'ఘనంగా ముగిశాయి' అని ఉండే ప్రెస్‌నోట్.

మూడో నెలలో, రాత్రి పదిన్నరకు, తెలియని నంబరు. "ఆ మెయిలు పెట్టింది మీరేనాండీ?" అదే సంఘంలో చాలా ఏళ్ళుగా రికార్డులు రాసే ఆయన. పేరు రానివ్వద్దని మూడుసార్లు చెప్పించుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కాలువ గట్టున టీ కొట్టు దగ్గర రెండు జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఒకటి పాత టోర్నమెంటు భోజనాల బిల్లు, దాంతో పనేం లేదు. రెండోది పట్టుకుని ఇప్పుడు తిరుగుతున్నాను.